పాత ట్యాంకులతో, బయటి సాయంతో ఈ కాలంలో యుద్ధం నడుస్తుందా?

తమ్మీ, రష్యా గోదాముల్లో పడి ఉన్న టీ-62, టీ-55 అనే సోవియట్ కాలం ట్యాంకులను కూడా బయటికి తీసింది, ఉక్రెయిన్ ఏమో పక్క దేశాలిచ్చిన సామానుతో కొట్లాడుతోంది, ఇలా ఎన్నాళ్లు నడుస్తుంది, మన సైన్యంలోని టీ-72 ట్యాంకులను కూడా తీసేయాలా అని అడిగావు. పాత సామానుతో యుద్ధం నడుస్తుంది. ఎన్నాళ్లన్నది స్పేర్లు, షెల్స్ ఎవరి చేతిలో ఉన్నాయో దాన్ని బట్టి ఉంటుంది. నేను సైన్యంలో బండ్లు, ఆయుధాలు రిపేరు చేసే విభాగమైన ఈఎంఈలో మెకానిక్‌గా చేసి రిటైరై ఇప్పుడు పరకాలలో ఉంటున్నాను. సికింద్రాబాద్‌లో ట్రైనింగ్ అయ్యాక సర్వీసులో ఎక్కువ భాగం టీ-72 ఇంజిన్ల దగ్గరే గడిచింది. అందుకే వర్క్‌షాపులో చూసిన దాన్ని బట్టి చెప్తాను.

టీ-72 బరువు 41 టన్నులు, దాన్ని లాగేది 780 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్. రాజస్థాన్ ఇసుకలో ఎయిర్ క్లీనర్ శుభ్రంగా కడగకపోతే ఆ ఇంజిన్ పని అయిపోయినట్టే. నడవకుండా నిలిచిపోయిన బండిని మేం 'వీఓఆర్' అంటాం. చాలాసార్లు బండి వీఓఆర్ అయ్యేది ఒక సీలో, పంపో, రిలేనో దొరక్క. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక ఆ సామాను చేసే ఫ్యాక్టరీలు తలో దేశం పాలయ్యాయి. సామాను కావాలని ఇండెంట్ పెడితే ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయేవాళ్లు. ఇక చేసేదేముంది, ఒక బండిలోది ఊడదీసి ఇంకో బండికి వేసేవాళ్లం. క్యానిబలైజ్ చేయడం అంటారు దాన్ని. కాగితం మీద రెండు ట్యాంకులు, కదిలేది ఒకటి. ఫలానా దేశం దగ్గర ఇన్ని వేల ట్యాంకులున్నాయని పేపర్లో చదివినప్పుడల్లా నాకు ముందు వచ్చే ప్రశ్న, అందులో ఇవాళ స్టార్ట్ అయ్యేవి ఎన్ని అని.

2022లో పోలండ్ ఉక్రెయిన్‌కు 200కు పైగా టీ-72లు ఇచ్చింది. పాతవే. కానీ ఉక్రెయిన్ సిపాయికి, మెకానిక్‌కు అవి పుట్టినప్పటి నుంచి తెలిసిన బండ్లు, వచ్చిన వెంటనే ఎక్కి నడిపారు. తర్వాత జర్మన్ లెపర్డ్, బ్రిటిష్ ఛాలెంజర్, అమెరికన్ అబ్రామ్స్ వచ్చాయి. మంచి ట్యాంకులే, కాదనను. కానీ ఛాలెంజర్ గుండు లెపర్డ్‌లో పట్టదు, అబ్రామ్స్‌ది డీజిల్ ఇంజిన్ కాదు, గ్యాస్ టర్బైన్. ఒక్కోదానికి వేరే పనిముట్లు, వేరే ట్రైనింగ్, వేరే స్పేర్లు. మా దగ్గర వరి కోతలప్పుడు కొత్త రకం హార్వెస్టర్ బెల్టు తెగితే, దాని సామాను హైదరాబాద్ నుంచి వచ్చేదాకా బండి చేన్లోనే నిలబడుతుంది. అక్కడా అంతే, దెబ్బతిన్న బండిని రిపేరుకు దేశం దాటించాల్సి వచ్చింది. ఇక పైనుంచి వచ్చి పడే చిన్న డ్రోన్‌కు పాత ట్యాంకు, కొత్త ట్యాంకు అన్న తేడా లేదు.

గెపార్డ్ సంగతి తప్పకుండా తెలుసుకో. 1970ల నాటి జర్మన్ బండి, మీద రెండు 35 మిల్లీమీటర్ల తుపాకులు, రాడారు. జర్మనీ సైన్యం దాన్ని ఎప్పుడో పక్కన పెట్టేసింది. ఉక్రెయిన్‌లో రష్యా వదిలే షాహెద్ డ్రోన్లను కూల్చడానికి అదే బాగా పనికొచ్చింది, ఎందుకంటే చవక డ్రోన్ మీద ఖరీదైన మిసైల్ వాడాల్సిన పని లేదు. మరి తూటాలు? స్విట్జర్లాండ్‌లో తయారైనవి. తాము తటస్థ దేశమని చెప్పి వాటిని ఉక్రెయిన్‌కు పంపడానికి స్విట్జర్లాండ్ ఒప్పుకోలేదు. చివరికి జర్మనీలో కొత్తగా తయారీ లైను పెట్టాల్సి వచ్చింది.

ఫిరంగులదీ అదే కథ. సోవియట్ ఫిరంగికి 152 మిల్లీమీటర్ల షెల్, నాటో ఫిరంగికి 155. మూడు మిల్లీమీటర్ల తేడాతో ఒకదాని గుండు ఇంకోదానికి పనికిరాదు. 152 షెల్స్ నిల్వలు తరిగిపోయి ఉక్రెయిన్ 155కు మారింది, దాంతో ఇచ్చేవాళ్ల మీద ఆధారపడటం పెరిగింది. అమెరికా పార్లమెంటులో సాయం బిల్లు నెలల తరబడి ఆగి 2024 ఏప్రిల్‌లో గానీ పాస్ కాలేదు. అప్పటికే, షెల్స్ కరువులో, ఫిబ్రవరిలో అవ్‌దీవ్కా పట్టణం ఉక్రెయిన్ చేజారింది. రష్యా కూడా ఉత్తర కొరియా నుంచి షెల్స్ తెచ్చుకుంది.

మన చరిత్రలోకి వస్తే, 1965లో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ కొత్త ప్యాటన్ ట్యాంకులతో వచ్చింది. ఎదురు నిలిచిన వాటిలో దక్కన్ హార్స్ ఒకటి. నిజాం కాలంలో పుట్టిన ఈ రెజిమెంటు దగ్గర ఉన్నవి రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్లు. నీళ్లు వదిలిన చెరకు తోటల్లో ప్యాటన్లు దిగబడ్డాయి, మనవాళ్లు దగ్గరికి రానిచ్చి కొట్టారు. ఈ కథ సర్వీసులో ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది. అదే యుద్ధంలో అమెరికా రెండు దేశాలకూ ఆయుధాలు ఆపేసింది. ప్యాటన్లు, సేబర్ విమానాలు అన్నీ అమెరికావే కాబట్టి పాకిస్తాన్‌కే ఎక్కువ నొప్పి తగిలింది. 1999లో ఆ ఇబ్బంది మనకొచ్చింది. కార్గిల్‌లో బోఫోర్స్ ఫిరంగులు అద్భుతంగా పనిచేశాయి గానీ, కుంభకోణం గొడవ వల్ల ఏళ్ల తరబడి స్పేర్లు సరిగా రాలేదు, షెల్స్ హడావుడిగా బయట కొనాల్సి వచ్చింది. 2025 మేలో పాకిస్తాన్ డ్రోన్లను మనం కూల్చిన వాటిలో విమానాలను కొట్టే 1960ల నాటి ఎల్-70 తుపాకులున్నాయి. వాటికి ఇక్కడే కొత్త సైట్లు, ఎలక్ట్రానిక్స్ అమర్చారు కాబట్టి అది సాధ్యమైంది.

మన టీ-72ల గురించి నా మాట: ఇప్పుడే తీసేయొద్దు. 2025 మార్చిలో వాటికి 1000 హార్స్‌పవర్ ఇంజిన్ల కోసం రష్యాతో 24.8 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది, చెన్నై దగ్గర ఆవడిలోని ట్యాంకు ఫ్యాక్టరీలో తయారీకి టెక్నాలజీ కూడా ఇస్తామన్నారు. ఇంజిన్ మొత్తం అక్కడ బిగించడం వేరు, అందులోని బేరింగు, సీలు దాకా మన దగ్గరే చేయడం వేరు. ఆ రెండోది జరుగుతుందా లేదా అన్నది చూశాకే ఇవి ఇంకెన్నేళ్లు నడుస్తాయో నేను చెప్పగలను.