పిరమిడ్ నడుమ నిప్పుందా?

ప్రశ్న: 'పైర్' అంటే నిప్పు, 'మిడ్' అంటే మధ్య, కాబట్టి పిరమిడ్ అంటే 'నడుమ అగ్ని ఉన్నది' అని మా ధ్యానం క్లాసులో చెప్పారు. నిజమేనా? అది ఈజిప్టువాళ్ళు పెట్టుకున్న పేరేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఈ మాట నేనూ చెప్పినవాణ్ణే. లెక్కల మాస్టారుగా ఉన్న రోజుల్లో బోర్డు మీద పిరమిడ్ గీసి, మధ్యలో ఎర్ర సుద్దతో మంట కూడా వేసేవాణ్ణి. ఓసారి వెనక బెంచీ అమ్మాయి లేచి, "పైర్ గ్రీకు అన్నారు, మరి మిడ్ ఇంగ్లీషు కదా సార్?" అంది. జవాబు తోచక "కూర్చోమ్మా" అన్నాను.

ఆ పిల్లదే రైటు. గ్రీకులో మధ్యకు 'మెసోస్' అనే మాట ఉంది. పిరమిడ్‌ను పాత గ్రీకులు 'పిరమిస్' అనేవారు, బహువచనం 'పిరమిదెస్'. మన 'ఇల్లు' 'ఇంటికి' అయినట్టే, ఆ 'ద' రూపం మారేటప్పుడు వచ్చి చేరేది. 'ఇంటి'ని విరిచి 'టి' అంటే ఏమిటని ఎవరైనా అడుగుతారా!

నిప్పు కథ మాత్రం పాతదే. ప్లేటో నాలుగు ముఖాల పిరమిడ్‌ను అగ్ని ఆకారమన్నాడు. నాలుగో శతాబ్దపు రోమన్ చరిత్రకారుడు అమ్మియానస్ మార్సెల్లినస్, మంటలా పైకి పోనుపోను సన్నబడుతుంది కాబట్టి ఆ పేరన్నాడు. 'మధ్య' ఊసు ఆయనా ఎత్తలేదు.

అసలు అర్థంగా చాలామంది పండితులు చెప్పేది తినుబండారం! గ్రీకులు గోధుమలతో చేసుకునే ఒక రకం రొట్టె పేరే ఆ కట్టడానికి పెట్టారట. నమ్మబుద్ధి కాకపోతే ఈజిప్టు రాతి స్తంభం 'ఒబెలిస్క్' సంగతి చూడండి. గ్రీకులో దాని అర్థం మాంసం కాల్చే చిన్న ఊచ. కొత్త ఊరికి పోయినా వాళ్ళ ధ్యాస వంటింటి మీదే ఉన్నట్టుంది.

ఈజిప్టువాళ్ళ మాట వేరు. అచ్చులు రాసేవారు కారు కనక మ, ర అన్న హల్లులే మిగిలాయి. 'మెర్' అని చదువుకుంటున్నాం. గీజాలోని పెద్ద పిరమిడ్ పేరు 'అఖెత్ ఖుఫు', అంటే ఖుఫు రాజు దిగంతం.

ఇంకో వాదం నాకు మహా ఇష్టం. క్రీ.పూ. 1550 ప్రాంతపు రైండ్ పపైరస్ అనే ఈజిప్టు లెక్కల చుట్టలో పిరమిడ్ ఎత్తును 'పెర్-ఎమ్-ఉస్' అన్నారు, గ్రీకు మాట దాన్నుంచే వచ్చిందని కొందరంటారు. అందులో 56వ లెక్క ఇది: పిరమిడ్ అడుగున ఒక్కో భుజం 360 మూరలు, ఎత్తు 250 మూరలు. మూరకు ఏడు బెత్తెలు. ఒక మూర పైకెక్కితే గోడ ఎన్ని బెత్తెలు లోపలికి జరుగుతుంది? సగం భుజం 180ని 250తో భాగించి ఏడుతో గుణించండి, 5.04 వస్తుంది. ఆ పపైరస్ రాసిన లేఖకుడు అహ్మెస్ కూడా 5, దానికి తోడు 1/25 అనే రాశాడు.

ఎర్ర సుద్ద ఈ లెక్కకి వాడాల్సింది.