కూలర్ బ్యాగులో ఐస్ ఎక్కడ ఖర్చవుతోంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం క్యాంపింగ్ గురించే, అందులోనూ తేలికపాటి కూలర్ బ్యాగుల గురించే. గదిలో గాలి కొట్టే కూలర్ కాదు, లోపల ఐస్ పెట్టుకుని భుజానికి తగిలించుకెళ్లే సంచి. సమయానికి నేనూ అలాంటిదే ఒకటి పట్టుకుని రెండు రాత్రులు టెంట్‌లో ఉండి వచ్చాను. 12 లీటర్లది, ఖాళీగా తూస్తే 700 గ్రాములు, గోడల్లో రెండు సెంటీమీటర్ల ఫోమ్ ఉంది. వెళ్లేముందు ఇంట్లో ఒకసారి, అక్కడ టెంట్ పక్కన ఒకసారి థర్మామీటర్ పెట్టి చూశాను. ఈసారి జవాబులన్నీ ఆ చూసినదాన్ని బట్టే.

ప్రశ్న: మా కూలర్ బ్యాగు మీద 24 గంటలు చల్లగా ఉంచుతుందని రాసి ఉంది. పొద్దున ఏడింటికి సర్దుకుని బయల్దేరాం, సాయంత్రానికల్లా ఐస్ మొత్తం నీళ్లయిపోయింది, పాలు విరిగిపోయాయి. బ్యాగులో లోపం ఉందా, మేమే ఏదైనా తప్పు చేశామా?

జవాబు: ఎంత ఐస్ పెట్టారో మీరు రాయలేదు. అసలు సంగతంతా అక్కడే ఉందండీ. బ్యాగు చల్లదనాన్ని తయారుచేయదు, బయటి వేడి లోపలికి రావడాన్ని కాస్త నెమ్మదింపజేస్తుంది, అంతే. వచ్చే ఆ వేడినంతా భరించేది ఐసే. ఒక కిలో ఐస్ కరగాలంటే 334 కిలోజౌళ్ల వేడి కావాలి, అదే ఒక కిలో నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి నాలుగు కిలోజౌళ్లు చాలు. ఐస్‌కి ఉన్న బలం అదే, కానీ ఆ బలం ఎన్ని గంటలకు సరిపోతుందన్నది మీరు పెట్టిన ఐస్ బరువును బట్టి ఉంటుంది.

మీ బ్యాగు గంటకు ఎంత ఐస్ తింటుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు, ఇది తప్పకుండా చేయమని నా కోరిక. నేను చేసింది ఇదీ: రెండు కిలోల చిన్న ఐస్ ముక్కలు ఫ్రీజర్ నుంచి తీసి, పైన తడి మెరుపు వచ్చేదాకా కాసేపు బయట ఉంచాను (నేరుగా పెడితే ముందు ఆ ముక్కలు సున్నా డిగ్రీలకు రావడానికే కొంత వేడి పోతుంది, లెక్క తప్పుతుంది), కారిన నీళ్లు వంపేసి ముక్కల్ని బ్యాగులో పోసి జిప్పు వేసి నీడలో వదిలేశాను. గది 31 డిగ్రీలుంది. ఆరు గంటల తర్వాత జిప్పు కొంచెం తెరిచి, ఐస్‌ని చేత్తో ఆపుతూ నీళ్లు మాత్రం గిన్నెలోకి వంపి వంటింటి తూకం మీద పెడితే 880 గ్రాములొచ్చాయి. అంటే గంటకు దాదాపు 150 గ్రాములు. ఆ లెక్కన అలాంటి ఎండరోజు 24 గంటలకు మూడున్నర కిలోల ఐస్ కావాలి. 12 లీటర్ల సంచిలో మూడున్నర కిలోల ఐస్ పెడితే మూడో వంతు పైగా దానికే పోతుంది, తిండికి మిగిలేది మిగతాదే. లేబుల్ మీది 24 గంటలు ఎంత ఐస్‌తో, బయట ఎన్ని డిగ్రీలున్నప్పుడు అన్నది రాయనంతవరకు ఆ అంకెను పట్టించుకోకండి. మీ బ్యాగు అంకె మీరే కనుక్కోండి.

ఇక రెండో అనుమానం, సర్దినప్పుడు లోపల పెట్టినవి ఫ్రిజ్‌లోంచి తీసినవా, బయట ఉన్నవా? చాలామంది మూత మాటిమాటికీ తీస్తే చల్లదనం పోతుందని పిల్లల్ని కసురుతుంటారు. లెక్క వేసి చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. జిప్పు తీసి వెంటనే వేస్తే లోపలికి వచ్చేది డజను లీటర్ల గాలి, దాని బరువు పదిహేను గ్రాములు కూడా ఉండదు, అందులోని తేమను కూడా కలిపినా మూడు నాలుగు గ్రాముల ఐస్‌కి మించి కరగదు. పదిసార్లు తీసినా చెంచాలు కొన్ని నిండేంత నీరు. అదే, 32 డిగ్రీల్లో ఉన్న లీటరు నీళ్ల బాటిల్ ఒకటి చల్లబడుతుందని లోపల పెట్టారనుకోండి, అది నాలుగు డిగ్రీలకు దిగేసరికి 350 గ్రాముల ఐస్ కరిగిపోతుంది. రెండు గంటల పైన రావాల్సిన ఐస్ ఒక్క బాటిల్‌కి పోయింది! ఇలాంటివి ఆరు పెడితే రెండు కిలోలు మాయం. మీ ఐస్ సాయంత్రానికే అయిపోవడానికి కారణం ఇదేనని నా గట్టి అనుమానం. పిల్లల్ని జిప్పు తీయనివ్వండి, తీసి పెట్టుకుని ఏం కావాలో ఆలోచిస్తూ నిలబడకుండా ఉంటే చాలు. కానీ లోపలికి వెళ్లే ప్రతి వస్తువూ ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో చల్లబడి ఉండాలి. ఖాళీ బ్యాగులో కూడా రాత్రంతా ఒక ఐస్ బాటిల్ పెట్టి ఉంచితే ఫోమ్ వేడి దిగుతుంది.

మూడోది ఎండ. ముదురు రంగు బ్యాగు ఎండలో పెడితే దాని పై బట్ట 50 డిగ్రీలు దాటుతుంది, ఎండలో ఆపి అద్దాలెత్తిన కారులో గాలే అంత వేడెక్కుతుంది. బయట 30 ఉన్నప్పుడు గంటకు 150 గ్రాములు తినే బ్యాగు అక్కడ పావుకిలో తింటుంది.

ప్రశ్న: మరి మీ బ్యాగు క్యాంప్‌లో ఎంతసేపు ఆగింది?

జవాబు: 27 గంటలు. మూడు లీటరు బాటిళ్లలో నీళ్లు పోసి గడ్డ కట్టించాను, ఒక్కోదాంట్లో 900 మిల్లీలీటర్లే పోశాను, ఎందుకంటే నీళ్లు గడ్డ కడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి, నిండా పోస్తే బాటిల్ పగులుతుంది. ఒకటి అడుగున, రెండు పక్కలకు, మధ్యలో ఫ్రిజ్‌లోంచి తీసిన తిండి, ఖాళీల్లో మడిచిన గుడ్డలు. థర్మామీటర్ వైరును పైభాగంలో వేలాడదీశాను, ఎందుకంటే చల్లగాలి కిందికి దిగుతుంది, అన్నిటికంటే ముందు వేడెక్కేది పైనే.

పొద్దున ఏడింటికి మొదలుపెట్టాను. పగలంతా చెట్టు నీడ ఎటు జరిగితే బ్యాగును అటు జరుపుతూ వచ్చాను, చీకటి పడేసరికి పైన నాలుగు డిగ్రీలే ఉంది. రాత్రి చలి ఉంది కాబట్టి ఐస్ నెమ్మదిగా కరిగింది. మర్నాడు పొద్దున చూస్తే జిప్పు పళ్ల పొడవునా మంచుబొట్లు వరసగా నిలబడి ఉన్నాయి, మిగతా బట్టంతా పొడిగానే ఉంది. చల్లదనం ఎక్కడినుంచి జారిపోతోందో ఆ బొట్లే గీత గీసి చూపించాయి. గోడల్లో రెండు సెంటీమీటర్ల ఫోమ్ ఉన్నా జిప్పు దగ్గర ఉన్నది ఉత్త బట్టే కదా. వెంటనే ఒక తువ్వాలు నాలుగు మడతలు వేసి జిప్పు మీద కప్పాను, స్లీపింగ్ బ్యాగు పగలు ఎలాగూ ఖాళీగానే ఉంటుంది కాబట్టి దాన్ని కూడా చుట్టేశాను. ఇది చాలా మంచి ఉపాయం, స్లీపింగ్ బ్యాగు మనల్ని వెచ్చగా ఉంచేదీ ఐస్‌ని కాపాడేదీ ఒకే పనితోనే, లోపల నిలిచిన గాలి వేడిని దాటనివ్వదు. మొదటిరోజు పొద్దుటినుంచే చుట్టి ఉంటే ఇంకో నాలుగైదు గంటలు కలిసొచ్చేవని అనిపిస్తోంది. స్లీపింగ్ బ్యాగు తడవకుండా మధ్యలో ఒక ప్లాస్టిక్ కవరు వేయడం మాత్రం మరిచిపోకండి.

పదింటికి పైన ఐదు డిగ్రీలు దాటింది. అప్పటికి అడుగు బాటిల్లో గుప్పెడంత గడ్డ ఇంకా తేలుతోంది, దాన్ని ముట్టుకుంటే అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే చేత్తో తాకి నమ్మొద్దంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది త్వరగా పాడయ్యే తిండిని 5 డిగ్రీల లోపు ఉంచమని, వండినదాన్ని బయటి వేడిలో రెండు గంటలకు మించి ఉంచొద్దని. పైనున్న గుడ్లు, పాలు అప్పుడే వాడేశాం. రెండో రోజుకి ఐస్ అక్కర్లేని తిండే పెట్టుకుని వెళ్లాను, అలాగే ప్లాన్ చేసుకోమని మీకూ చెప్తాను. తేలిక బ్యాగు ఒక పగలు, ఒక రాత్రి సరుకు. పచ్చిమాంసం లాంటివి మొదటి పూటే వండేయాలి.

ప్రశ్న: బండి ఆగే చోటి నుంచి గంటన్నర నడవాలి. గట్టి ఐస్ బాక్స్ మంచిదా, మెత్తటి బ్యాగా?

జవాబు: బ్యాగే. గట్టి బాక్స్ ఖాళీదే బ్యాగు కంటే రెండు కిలోలు ఎక్కువ బరువుంటుందనుకోండి, ఆ రెండు కిలోలను ఐస్ రూపంలో మోస్తే నా బ్యాగు లెక్కన పదమూడు గంటలు అదనంగా వస్తాయి. పైగా ఆ ఐస్ బాటిళ్లలోనే ఉంటే కరిగాక తాగునీళ్లు, తిరిగొచ్చేటప్పుడు ఆ బరువూ ఉండదు. నాలుగైదు రోజులు ఒకేచోట బండి పక్కనే ఉండేవాళ్లకైతే మందపు గోడల బాక్స్ సరైనది, అక్కడ తేలిక బ్యాగు చాలదు.

ప్రశ్న: కరిగిన నీళ్లు ఎప్పటికప్పుడు పారబోయాలా? మా ఇంట్లో దీనిమీద ప్రతిసారీ గొడవే.

జవాబు: ఐస్ అందులో ఉన్నంతవరకు ఆ నీళ్లు కూడా సున్నాకి దగ్గరగానే ఉంటాయి, పారబోస్తే వాటి చోట్లోకి వెచ్చటి గాలి వస్తుంది. కాబట్టి సీసాలు, డబ్బాలు మాత్రమే ఉంటే నీళ్లు ఉంచేయండి. తిండి కవర్లు ఉంటే మాత్రం పారబోయండి, ఆ నీళ్లు కవర్లలోకి దిగితే, అందులో పచ్చిమాంసం రసం కలిస్తే కడుపు పాడవుతుంది. బాటిళ్లలో గడ్డ కట్టించుకుంటే ఈ గొడవే ఉండదు.

ప్రశ్న: ఐస్‌లో ఉప్పు వేస్తే ఇంకా చల్లగా ఉంటుందట, నిజమా? డ్రై ఐస్ వాడొచ్చా?

జవాబు: నిజమే, ఉప్పు బాగా కలిస్తే మైనస్ 21 డిగ్రీల దాకా దిగగలదు. కానీ ఉప్పు వల్ల ఐస్ త్వరగా కరుగుతుంది, మనకు కావలసింది ఎక్కువసేపు ఆగడం. గంటలో డ్రింకులు చల్లబడాలంటే వేయండి, రాత్రి దాకా ఆగాలంటే వద్దు. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీలుంటుంది, ఒట్టిచేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టవుతుంది, మెత్తటి బ్యాగు లోపలి పొర పెళుసెక్కి పగలొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, అది కరగకుండా నేరుగా కార్బన్ డయాక్సైడ్ వాయువుగా మారుతుంది. మూసిన కారులో, టెంట్‌లో పక్కన పెట్టుకుని పడుకుంటే ఊపిరాడక ప్రాణం మీదికొస్తుంది. తేలిక బ్యాగుకి అస్సలు వద్దు.

ప్రశ్న: లోపల వెండిరంగు రేకు ఉన్న బ్యాగులే కొనాలా?

జవాబు: రేకు కాంతిలా వచ్చే వేడిని వెనక్కి కొడుతుంది, అదీ దాని ముందు కొంచెం గాలి ఖాళీ ఉంటేనే. తిండి ఆనుకుని ఉంటే పెద్దగా ఉపయోగం లేదు. కొనేటప్పుడు గోడను రెండు వేళ్ల మధ్య నొక్కి మందం చూడండి, అడుగున, మూతలో కూడా అంతే మందం ఉందా చూడండి. చాలా వాటిలో పక్కల ఫోమ్ ఉంటుంది, మూతలో ఉండదు.

ప్రశ్న: మా నాన్నగారు ఇన్సులిన్ వాడతారు. రెండు రోజుల క్యాంప్‌కి ఆయన్ని కూడా తీసుకెళ్లాలనుంది. కూలర్ బ్యాగులో ఐస్ పక్కన పెట్టేయొచ్చా?

జవాబు: ఐస్‌ని తాకేలా మాత్రం పెట్టకండమ్మా. గడ్డ కట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగి చూడ్డానికి మామూలుగా ఉన్నా పనికిరాదు, పారేయాల్సిందే. తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఇప్పుడు వాడుతున్న పెన్ను చాలా రకాల్లో కొన్ని వారాల పాటు గది వేడిలో ఉండొచ్చు, కానీ ఎన్ని రోజులు, ఎన్ని డిగ్రీల వరకు అన్నది రకాన్ని బట్టి మారుతుంది, డబ్బాలోని కాగితం మీద రాసి ఉంటుంది. అది చదివి, బయల్దేరేముందు డాక్టర్ని గానీ మందుల షాపులో ఫార్మసిస్టుని గానీ ఒక్క మాట అడగండి. తెరవని దాన్ని ఒక చిన్న డబ్బాలో పెట్టి, డబ్బాను తువ్వాల్లో చుట్టి, బ్యాగులో ఐస్‌కి దూరంగా ఉంచండి, డబ్బా లోపలే థర్మామీటర్ పెట్టండి. వెళ్లేముందు వారం ఇదే ఏర్పాటును ఉత్త నీళ్ల సీసాతో క్యాంప్‌లో ఉండబోయే ఆ రెండు రోజులంతసేపూ ఇంట్లో నడిపి చూడండి, థర్మామీటర్ ఒక్కసారి కూడా 2 కిందికి దిగకుండా, 8 దాటకుండా ఉంటేనే ఇన్సులిన్ అందులో పెట్టండి. ఒక ఇన్సులిన్ మీ దగ్గర వేరే సంచిలో కూడా ఉండనివ్వండి, ఒకటి పాడైనా నాన్నగారి పూట తప్పకూడదు.