లోపలి కొటేషన్లు ఎక్కడ మాయమవుతున్నాయి?

ప్రశ్న: అన్నా, మాది హనుమకొండ. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణం లెక్కలు చూస్తాను. అక్కడి లినక్స్ కంప్యూటర్‌లో ఉన్న రేట్లు ఇంటి నుంచి చూసుకుందామని బాష్ స్క్రిప్ట్ రాసుకున్నా. అందులో లైన్ ఇది (ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరంలోని కంప్యూటర్‌లో కమాండ్ నడిపేది, 'దుకాణం' ఆ కంప్యూటర్ పేరు, గ్రెప్ అంటే ఫైల్‌లో మాట వెతికేది):

ఎస్‌ఎస్‌హెచ్ దుకాణం గ్రెప్ "తేజ మిర్చి" రేట్లు.టెక్స్ట్

'మిర్చి' అనే ఫైల్ లేదంటోంది. గ్రెప్ నుంచి చివరిదాకా దుకాణంలోనే కూర్చుని కొడితే బాగానే వస్తుంది. ""తేజ మిర్చి"" అని రెండేసి కొటేషన్లు పెట్టినా అంతే. రెండు రోజులుగా ఇదే టెన్షన్.

జవాబు: తమ్ముడూ, నువ్వు పెట్టిన కొటేషన్లలో తప్పు లేదు, కానీ అవి దుకాణం దాకా పోవట్లేదు. నీ లైన్‌ను ముందు ఇంట్లో ఉన్న షెల్ (కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రామ్) చదువుతుంది, కొటేషన్లు దాని కోసమే అనుకుని తీసేస్తుంది, ఆ తర్వాత ఎస్‌ఎస్‌హెచ్ మిగిలిన మాటలను మధ్యలో ఖాళీలు పెట్టి ఒకే వాక్యంగా కలిపి అవతలికి పంపుతుంది, అక్కడ ఇంకో షెల్ దాన్ని మళ్లీ మొదటి నుంచి చదువుతుంది. ఆ రెండో షెల్‌కు 'తేజ' వెతకాల్సిన మాట, 'మిర్చి' ఒక ఫైలు. నమ్మకం కుదరకపోతే 'ఎస్‌ఎస్‌హెచ్ దుకాణం' తీసేసి ఆ చోట ఎకో (ఇచ్చిన మాటలను తెరపై చూపే కమాండ్) పెట్టి చూడు, అవతలికి ఏం పోతోందో అచ్చంగా అదే కనపడుతుంది.

రెండేసి ఎందుకు పనిచేయలేదంటే, షెల్‌కు లోపల, బయట అనే లెక్క లేదు. మొదటి " తెరుస్తుంది, పక్కనున్న " అక్కడికక్కడే మూసేస్తుంది, దాంతో తేజ మిర్చి బయటే పడిపోయింది. బయట వేరే రకం పెట్టాలి:

ఎస్‌ఎస్‌హెచ్ దుకాణం 'గ్రెప్ "తేజ మిర్చి" రేట్లు.టెక్స్ట్'

సింగిల్ కొటేషన్ల మధ్య ఉన్నదాన్ని షెల్ అసలు ముట్టుకోదు. డబుల్ అయితే $ గుర్తును వదలదు, దాని చోట తన దగ్గరున్న విలువ పెడుతుంది, అందుకే ఆక్ (ఫైల్‌లోంచి కాలమ్‌లు తీసేది) కమాండ్‌లో రెండో కాలమ్ కోసం రాసిన $2 ఇంటి షెల్‌లోనే ఖాళీ అయిపోయి, అక్కడ లైన్ మొత్తం ప్రింట్ అవుతుంది. ఇది చాలామందిని ఏడిపిస్తుంది! సింగిల్ లోపల మళ్లీ సింగిల్ కావాల్సి వస్తే '\'' అని రాయాలి, అంటే మూసి, ఒకటి విడిగా పెట్టి, మళ్లీ తెరవడం.

రేపు ఇదే పైథాన్‌లో రాస్తే, బయటి కమాండ్లు నడిపే సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌కు కమాండ్‌ను లిస్ట్‌గా ఇవ్వు, ఇంటి షెల్ మధ్యలోకి రాదు. దుకాణం షెల్ మాత్రం అక్కడే ఉంటుంది కాబట్టి, ఎవరైనా టైప్ చేసిన మిర్చి రకం పేరును ష్లెక్స్ మాడ్యూల్‌లోని కోట్ ఫంక్షన్‌తో చుట్టకుండా పంపకు. ఆ పేరులో ఒక ; (కమాండ్లను విడదీసే గుర్తు) ఉన్నా చాలు, దాని తర్వాత రాసింది దుకాణం కంప్యూటర్‌లో కమాండ్‌గా నడుస్తుంది.