చిన్నపిల్లలకు వీడియో గేమ్: ముందు ఆటలు ఎంచుకోండి, తర్వాతే పరికరం

ఐదేళ్ళ పాప, ఎనిమిదేళ్ళ బాబు. ఫోను ఆటల మధ్యలో వచ్చే ప్రకటనలతో విసిగిపోయి, వేసవి సెలవులకు చేత్తో పట్టుకుని ఆడే వీడియో గేమ్ కొందామనుకుంటున్నామన్నారు. అమెరికా నుంచి వస్తున్న మీ తమ్ముడి చేత నింటెండో స్విచ్ (చేత్తో పట్టుకునీ, టీవీకి కలిపీ ఆడే పరికరం) తెప్పించుకోవాలా, తెప్పిస్తే ఏ రకం, లేదా మన విశాఖ జగదాంబ జంక్షన్ దగ్గర చూసిన 400 ఆటల చిన్న పెట్టెతో సరిపెట్టాలా అన్నది మీ ప్రశ్న. మేము ఎం.వి.పి. కాలనీలో ఉంటాం. మా ఇద్దరు పిల్లలకూ మీ పిల్లలకు ఉన్నంతే వయసు తేడా. స్విచ్ మా ఇంట్లో చాలా కాలంగా ఉంది కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు ఆ చౌక పెట్టె సంగతి. అలాంటి వాటిలో ఎక్కువగా ఉండేవి 1980ల నాటి జపాన్ ఆటలు. 1983లో నింటెండో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామిలీ కంప్యూటర్ అనే వీడియో గేమ్ పరికరం కోసం తయారైన ఆటలకు అనుమతి లేని నకళ్ళు. ఒకే ఆటను పేరు మార్చి, రంగు మార్చి పలుమార్లు చేర్చి సంఖ్య పెంచుతారు. అదంతా అటుంచినా, అసలు చిక్కు మరొకటి ఉంది. ఆ రోజుల్లో ఒక ఆటలో పట్టే సరుకు చాలా తక్కువ. కొన్నవాళ్ళకు అది గంటలో అయిపోకూడదని బాగా కష్టంగా తయారుచేసేవారు. మూడు ప్రాణాలు పోయాయంటే మళ్ళీ మొదటి నుంచి మొదలు. ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే వీలు కూడా ఈ పెట్టెల్లో సాధారణంగా ఉండదు. అంటే అన్నిటికంటే చవకైన పెట్టెలో అన్నిటికంటే కష్టమైన ఆటలు ఉంటాయన్నమాట. మన వయసువాళ్ళకు కాంట్రా లాంటి పాత ఆట చూడగానే ప్రాణం లేచివస్తుంది కానీ, ఐదేళ్ళ పాప మాత్రం రెండు నిమిషాలకే ఏడుపు మొహం పెడుతుంది. అది కొనవద్దనే నా సలహా.

స్విచ్ విషయానికొస్తే, ఏ రకం కొనాలన్నది తేల్చే ముందు పిల్లలు ఏ ఆటలు ఆడతారో ఆలోచించండి. ఈ వయసుకు ఆట ఎంచుకునేటప్పుడు నేను పట్టుబట్టేవి రెండు. చదవడం రాకపోయినా ఆడగలగాలి. ఇద్దరూ కలిసి ఆడగలగాలి.

మొదటిది మనలాంటి ఇళ్ళలో మరీ ముఖ్యం. స్విచ్ ఆటలు తెలుగులో ఉండవు. పాత్రలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ పోతాయి, అదీ ఎక్కువగా తెర మీద అక్షరాల రూపంలోనే. అందరూ మెచ్చుకునే పోకెమాన్ ఆటలు గానీ, 2020లో వచ్చిన యానిమల్ క్రాసింగ్ గానీ ఐదేళ్ళ పిల్లకు కొనిస్తే పక్కన కూర్చుని ప్రతి మాటా చదివి తెలుగులో చెప్పాల్సింది మీరే. మీ బాబుకు మాత్రం అవే ఇంగ్లీషు చదివే అలవాటు చేస్తాయి. మావాడు చదివింది చాలావరకు అలాగే. అయితే యానిమల్ క్రాసింగ్ గురించి అంగళ్ళవాళ్ళు చెప్పని ముక్క ఒకటుంది. ఆ ఆటంతా ఒక ద్వీపాన్ని పెంచుకోవడమే, కానీ ఒక పరికరంలో ఒకే ద్వీపం ఉంటుంది. రెండు ఆట కార్డులు కొన్నా, పిల్లలకు వేరువేరు ఖాతాలు తెరిచినా రెండో ద్వీపం రాదు. ముందుగా ఆట మొదలుపెట్టినవాళ్ళదే అక్కడ పెత్తనం. వంతెన ఎక్కడ కట్టాలో, ద్వీపం ఎటు పెరగాలో తేల్చేది వాళ్ళే. అన్నాచెల్లెళ్ళున్న ఇంట్లో దాని ఫలితం ఏమిటో మీరే ఊహించుకోండి.

కలిసి ఆడే ఆటల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది స్నిపర్‌క్లిప్స్. 2017లో స్విచ్‌తో పాటే వచ్చింది. రెండు కాగితపు బొమ్మలుంటాయి. ఒకదాని మీద ఒకటి పడేలా నిలబెట్టి మీట నొక్కితే, ఒక బొమ్మ ఆకారంలో రెండో బొమ్మకు కత్తిరింపు పడుతుంది. తెర మీద ఒక బంతి, ఒక బుట్ట. బంతిని బుట్టలో వేయాలి, కానీ బొమ్మ తల గుండ్రంగా ఉంటే బంతి జారిపోతుంది. మా పిల్లలు మొదట తలతోనే నెట్టి చూశారు. పడింది, పడింది, మళ్ళీ పడింది. అప్పుడు చిన్నది, "అన్నయ్యా, నాకు గిన్నెలా గుంట చెయ్యి" అంది. వాడు తన బొమ్మను వంచి, తలకిందులు చేసి, చెల్లి బొమ్మ తల పైభాగంలో గుంట పడేలా కత్తిరించాడు. బంతి అందులో కూర్చుంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి అడుగులో అడుగు వేసుకుంటూ బుట్ట దాకా తీసుకెళ్ళారు. ఆ కాసేపట్లో వాళ్ళు పంచుకున్నన్ని మాటలు ఫోను ఆటల ముందు కూర్చున్న రోజంతా కూడా వినబడవు. ఒక్క అక్షరం చదవనక్కర్లేదు, ఓడిపోయేవాళ్ళంటూ ఎవరూ ఉండరు.

బండ్ల పందేల ఆట మారియో కార్ట్ 8 డీలక్స్ కూడా 2017 నాటిదే, ఇప్పటికీ దానికి సాటి లేదు. అందులో స్మార్ట్ స్టీరింగ్ అని ఒక సదుపాయం ఉంది. ఆన్ చేస్తే బండి దారి తప్పి లోయలో పడదు. దానంతట అదే ముందుకు వెళ్ళేలా కూడా పెట్టుకోవచ్చు. పాప బండికి ఈ రెండూ పెట్టి, బాబు బండికి తీసేయండి. పోటీ సమానంగా ఉంటుంది. స్మార్ట్ స్టీరింగ్ ఉన్నప్పుడు కొన్ని అడ్డదారులు మూసుకుపోతాయి, అది బాబుకు చెప్పకపోయినా వాడే కనిపెడతాడు.

2023లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ వండర్‌లో పాపకు యోషి పాత్ర గానీ నాబిట్ పాత్ర గానీ ఇవ్వండి. శత్రువులు తగిలినా వాటికి ఏమీ కాదు, గోతిలో పడితే మాత్రం నష్టమే. కలిసి ఆడేటప్పుడు ఒకరు చనిపోతే దెయ్యమై తేలుతూ వస్తారు. కొన్ని క్షణాల్లోపు రెండోవాళ్ళు తాకితే బతుకుతారు. ఇలా ఆపదలో ఒకరికొకరు అక్కరకు వచ్చే ఆటలంటే నాకు గౌరవం. కర్బీ అండ్ ది ఫర్గాటెన్ ల్యాండ్ కూడా బాగుంటుంది, అందులో సులువు స్థాయి వేరుగా ఉంది. దిమ్మెలతో కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ బాబుకు నచ్చుతుంది, పాపకు అప్పుడే అక్కర్లేదు.

ఇప్పుడు పరికరం. పైన చెప్పిన ఆటల వల్లే నేను లైట్ రకం వద్దంటాను. 2019లో వచ్చిన స్విచ్ లైట్ తేలిక, దాదాపు 275 గ్రాములే, ధర కూడా తక్కువ. కానీ దాన్ని టీవీకి కలపలేరు. పక్కనుండే మీటలు ఊడిరావు. మామూలు స్విచ్‌లో రెండు వైపులా ఉండే జాయ్‌కాన్‌లను, అంటే మీటలున్న ముక్కలను, ఊడదీసి అడ్డంగా పట్టుకుంటే తలా ఒకటి వస్తుంది. చిన్న చేతుల్లో అవి సరిగ్గా ఇముడుతాయి, ఇద్దరు ఆడటానికి విడిగా ఏమీ కొననక్కర్లేదు. టీవీకి కలిపితే పిల్లలు తెరకు దూరంగా కూర్చుంటారు, వాళ్ళేం ఆడుతున్నారో వంటింట్లోంచి మీకూ కనబడుతుంది.

మరమ్మతు సంగతి కూడా ఆలోచించాలి. జాయ్‌స్టిక్ కొన్నాళ్ళకు అరిగి, ఎవరూ ముట్టుకోకపోయినా బొమ్మ ఒక పక్కకు నడిచిపోతుంటుంది. డ్రిఫ్ట్ అంటారు, చాలామందికి ఎదురైనదే. మామూలు స్విచ్‌కైతే ఒక్క జాయ్‌కాన్ మార్చుకుంటే సరి. లైట్‌కైతే మొత్తం పరికరాన్నే విప్పాలి. మన దేశంలో నింటెండో నేరుగా అమ్మదు. ఇక్కడి దుకాణాల్లో దొరికేవి దిగుమతి సరుకు, వారంటీ అంటే ఆ దుకాణదారుడి మాటే. మాకు డ్రిఫ్ట్ వచ్చినప్పుడు అమ్మిన దుకాణం వారాల తరబడి తిప్పి చివరికి చేతులెత్తేసింది. ఫోన్లు బాగుచేసే ఒకాయన కొత్త స్టిక్ తెప్పించి నా ముందే బిగించి ఇచ్చారు.

2025లో వచ్చిన స్విచ్ 2 మంచి పరికరమే. పాత ఆటలు చాలావరకు అందులో నడుస్తాయి. కానీ తెర 7.9 అంగుళాలు, జాయ్‌కాన్‌లతో కలిపి బరువు అర కిలోకు పైనే. ఐదేళ్ళ చేతులకు అది భారం. ధర కూడా ఎక్కువ. మీ పిల్లల వయసుకు పాత స్విచ్, అందులోనూ 2021లో వచ్చిన ఓఎల్ఈడీ రకం దొరికితే అదే తీసుకోండి. వెనుక వెడల్పాటి స్టాండు ఉంటుంది, బల్ల మీద గట్టిగా నిలబడుతుంది.

ఆటలను డౌన్‌లోడ్ చేసుకోవడం కంటే కార్డులు కొనండి. స్విచ్ కార్డులకు దేశాల పట్టింపు లేదు, అమెరికాలో కొన్నవి ఇక్కడా నడుస్తాయి. విసుగొస్తే అమ్మేయవచ్చు, పక్కింటి పిల్లలతో మార్చుకోవచ్చు. చాలా చిన్నవి కాబట్టి డబ్బా ఒకటి తప్పనిసరి. పిల్లలు మింగకుండా వాటికి డెనాటోనియం బెంజోయేట్ అనే చేదు పూత పూస్తారు. పాప నోట్లో పెట్టుకుంటే ఉమ్మేసే అవకాశమే ఎక్కువ, అయినా కనిపెట్టుకుని ఉండండి.

సమయం గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. రెండు నుంచి ఐదేళ్ళ వాళ్ళకు రోజుకు గంటకు మించకూడదని, ఐదు నుంచి పదేళ్ళ వాళ్ళకు రెండు గంటలలోపే ఉండాలని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. టీవీ, ఫోను అన్నీ కలిపి అది. నింటెండో పేరెంటల్ కంట్రోల్స్ యాప్‌లో రోజుకు ఎంతసేపో మీ ఫోను నుంచే పెట్టవచ్చు. సమయం కాగానే ఆట ఠక్కున ఆగిపోయే ఏర్పాటు కూడా ఉంది, దాన్ని మొదట్లో వాడకండి. గెలవబోతుండగా తెర నల్లబడితే పిల్లలకు నిజంగా అన్యాయమే. హెచ్చరిక చాలు, "ఈ పందెం అయ్యాక ఆపు" అంటే వింటారు.

అరకు వెళ్ళేటప్పుడు రైల్లోకి మాత్రం తీసుకెళ్ళవద్దు. ఎన్నో సొరంగాలున్న దారిలో కిటికీ పక్కన సీటు దొరికిన పిల్లలకు తెర ఎందుకు? బీచ్‌కి కూడా వద్దు, ఇసుక స్టిక్ కిందకి దూరితే ఇక అంతే. 35 డిగ్రీలకు పైన వాడకూడదని కంపెనీయే చెబుతుంది కాబట్టి మే నెలలో కారులో వదిలేయకండి.

మీ తమ్ముడికి చెప్పాల్సినవి: ఓఎల్ఈడీ స్విచ్, మారియో కార్ట్ కార్డు, వండర్ కార్డు. స్నిపర్‌క్లిప్స్‌ను అక్కడే ఖాతా తెరిచి డౌన్‌లోడ్ చేసి తెమ్మనండి. స్విచ్‌తో వచ్చే ఛార్జరు 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, పిన్ను మార్చే చిన్న ప్లగ్గు చాలు. అది పూర్ణా మార్కెట్‌లో దొరుకుతుంది.