కోడికి సిరంజితో పోసే ముందు మెడ కింద తడిమి చూడండి

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు హోరమావులో ఉంటున్నాం. మేడ మీద నాలుగు నాటుకోళ్లు పెంచుతున్నాం. ఒక పెట్ట నాలుగు రోజులుగా గింజ ముట్టడం లేదు. మూలన ముడుచుకుని కూర్చుంటోంది. ఒళ్లు వేడిగా ఉందని బాబుకు వాడే పారాసిటమాల్ సిరప్ కొన్ని చుక్కలు, అజిత్రోమైసిన్ 500 మాత్రలో సగం ఇచ్చాం. సిరంజితో పాలు పోస్తుంటే గొంతులో గురగురమంటోంది. రోజుకు ఎన్నిసార్లు, ఎంత పోయాలి?
- ఒక పాఠకురాలు

సలహా: ఎంత పోయాలని అడిగారు. నాకు మాత్రం ఆ గురగుర మీదే భయంగా ఉందమ్మా. పాలు పోయడం ఈ పూటే ఆపేయండి. కోడికి శ్వాసనాళం ద్వారం నాలుక మొదట్లోనే, నోరు తెరిస్తే కనిపించేంత దగ్గరగా ఉంటుంది. ముక్కు తెరిచి గబుక్కున పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా పక్షులకు పాలు సరిగా అరగవు, విరేచనాలవుతాయి. పెట్ట నోరు తెరుచుకుని ఊపిరి తీస్తుంటే మిగతాది తర్వాత చదవండి, ముందు ఆస్పత్రికి బయలుదేరండి.

రేపు పొద్దున్నే మెడ కింద, రొమ్ము మొదట్లో కాస్త కుడివైపు ఉండే మేత సంచిని వేళ్లతో తడిమి చూడండి. మేం దాన్ని క్రాప్ అంటాం. రాత్రికి రాత్రి అది ఖాళీ కావాలి. తెల్లవారినా గట్టి ముద్దలా ఉంటే లోపల ఏదో అడ్డుపడి ఉండొచ్చు. నీళ్ల సంచిలా మెత్తగా ఉండి నోరు పులిసిన వాసన వస్తుంటే మేత లోపలే పులుస్తోందని అనుమానించాలి. ఈ రెండిట్లో ఏదైనా సరే, పైనుంచి ఇంకేమీ పోయకండి. తలకిందులుగా పట్టుకుని కక్కించే వీడియోలు చూసి ఆ పని అసలే చేయకండి.

సంచి ఖాళీగా ఉండి, ఊపిరి మామూలుగా ఉంటేనే ఇంట్లో తినిపించే ఆలోచన చేయండి. ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే తిండి. అట్టపెట్టెలో గుడ్డ పరిచి గాలి తగలని చోట ఉంచండి. గోరువెచ్చని ఓఆర్ఎస్ నీళ్లు ముక్కు పక్క అంచున చుక్క వేసి, మింగాక ఇంకో చుక్క వేయండి. తల వెనక్కి విరవకండి. నీళ్లు నిలిస్తే కోడిపిల్లల స్టార్టర్ మేతను నానబెట్టి, ఉడికిన గుడ్డు సొన కలిపి పలుచగా చేసి పెట్టండి. రాగి జావ ఒకటి రెండు పూటలకు ఫర్వాలేదు కానీ దాంట్లో ప్రొటీన్ చాలదు. కిలోన్నర పెట్టకు మొదట పూటకు 10 నుంచి 15 మిల్లీలీటర్లు మించవద్దు. సంచి ఖాళీ అయ్యాకే మళ్లీ పెట్టాలి. గొట్టంతో నేరుగా మేత సంచిలోకి పోయడం (ట్యూబ్ వేయడం) మాత్రం డాక్టర్ దగ్గరుండి చూపించాకే.

ఇక ఆ మందుల సంగతి. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. కోడి ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మన చేతికి ఎప్పుడూ జ్వరంలాగే తగులుతుంది. లేని జ్వరానికి మందు వేసి ఉండొచ్చు మీరు. అజిత్రోమైసిన్ సగమంటే 250 మిల్లీగ్రాములు, పెద్ద మనిషి డోసులో సగం, కిలోన్నర ప్రాణానికి! అదీగాక రోగం వైరస్ వల్ల వచ్చిందైతే యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. ఇంట్లో నొప్పుల మాత్రలు కూడా ఉంటాయి కదా, వాటి జోలికి వెళ్లవద్దు. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోయాయి. అందుకే 2006లో మన దేశంలో పశువులకు దాన్ని నిషేధించారు. కోళ్లకూ అది విషమే. ఈ పెట్ట గుడ్లు పెడితే డాక్టర్ సరేననే దాకా మీరు తినకండి, బాబుకూ పెట్టకండి.

రెట్ట ఆకుపచ్చగా ఉందా, మెడ మెలితిరుగుతోందా, మిగతా మూడూ బాగున్నాయా? మీరు రాయలేదు. కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) అయితే వైద్యం లేదు, ముందుగా వేయించే టీకానే దారి. జబ్బు పెట్టను ఇవాళే వేరు చేయండి. మాస్క్, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, బాబును దగ్గరికి రానివ్వద్దు. 2025లో గోదావరి జిల్లాల్లోనూ, మీకు దగ్గరే ఉన్న చిక్కబళ్లాపుర వైపూ బర్డ్ ఫ్లూ బయటపడింది. మీ పెట్టకు అదేనని అనడం లేదు. కానీ ఇంకో కోడి కూడా పడిపోతే కోయకండి, పారేయకండి, పశుసంవర్ధక శాఖకు ఫోన్ చేయండి.

నాలుగు రోజులు ఆగడం చాలా ఎక్కువమ్మా. కోడి ఓపిక ఉన్నంతవరకు జబ్బు దాచుకుంటుంది, మనకు కనిపించేసరికే ఆలస్యమై ఉంటుంది. పెట్టను చూడకుండా నేను ఇంతకుమించి చెప్పలేను, చెప్పకూడదు కూడా. మీకు హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది. ముందు ఫోన్ చేసి, గాలి ఆడే పెట్టెలో తీసుకెళ్లండి. తాజా రెట్ట కొంచెం కవర్లో, మీరు వేసిన మందుల అట్టలు, ఏది ఎప్పుడు ఎంత వేశారో రాసిన కాగితం వెంట ఉంచుకోండి. తిడతారేమోనని ఏదీ దాచకండి. అవి తెలిస్తేనే అక్కడి డాక్టర్ తర్వాతి మందు రాయగలరు.