గుల్లలు కంకర బదులు వాడొచ్చా అంటే...

సముద్రం ఒడ్డున పారేసే ఆల్చిప్పలు, గుల్లలు కాంక్రీట్లో కంకర బదులు వేసి ఇల్లు కట్టుకోవచ్చా అని అడిగారు. ఇనుప ఊచ లేనిచోట వేసుకోండి. ఊచ ఉన్నచోట మాత్రం వద్దండి.

మాది తాళ్ళరేవు పక్క పల్లె. మా బాబాయి ఇల్లు కట్టేటప్పుడు కంకర లారీవాడు యూనిట్ అని దింపినదాన్ని టేపు పెట్టి కొలిస్తే వంద ఘనపుటడుగులకి ఎనభై కూడా లేవు. (ఈ యూనిట్ మోసం గురించి రాయాలంటే వేరే పేజీ కావాలి.) ఆ కోపంలో సున్నం బట్టీకి పోయే గుల్లలు ఒక ట్రాక్టరు నిండా తోలించాడు.

ముందు గేదెల పాకలో నేల. సగం కంకర, సగం గుల్లలు. తాపీమేస్త్రి మొదటి తట్టకే గొణిగాడు: "అన్నంలో అప్పడాలు కలిపినట్టుందండి, ఎటు లాగినా చిప్పే తగుల్తోంది." చిప్పలు బల్లపరుపు, లోపల గుంట. మాలు కదలదు. కదలట్లేదని ఇంకో బకెట్ నీళ్ళు పోస్తారు, బలం అక్కడే పోతుంది. అయినా ఆ నేల గేదెల డెక్కలకి తట్టుకుంది.

దాంతో బాబాయికి ధైర్యం వచ్చి వంటింటి సన్‌షేడ్‌లో కూడా అవే వేయించాడు. కడగకుండా. నాలుగో ఏడు వేసవిలో కింద తుప్పు చార కనపడింది. ఎవరూ పట్టించుకోలేదు. ఒక మధ్యాహ్నం మూరెడు పెచ్చు ఊడి, పిన్ని ఆరబెట్టిన మాగాయ ముక్కల మీద పడింది. ఆవిడ సన్‌షేడ్ గురించి ఒక్క మాటనలేదు, ముక్కల కోసం మాత్రం వారం రోజులు తిట్టింది. పైకి చూస్తే 8 ఎం.ఎం. ఊచ అగ్గిపుల్లంత మిగిలింది. ఉప్పు ఊచని తింటుంది, తుప్పు ఉబ్బి కాంక్రీట్‌ని పగలగొడుతుంది. ఊచ వేసిన కాంక్రీట్లో క్లోరైడ్ (ఉప్పులో ఉండేది అదే) ఘనపు మీటరుకి 0.6 కిలో మించకూడదని మన దేశపు కాంక్రీట్ ప్రమాణం ఐ.ఎస్. 456లో ఊరికే రాయలేదు.

కడిగితే సరి అంటారు. మా వైపు తాగడానికే మంచినీళ్ళు కరువు, గుల్లలకెక్కడ తెస్తాం? పైగా మాంసం ముక్క అంటుకుని ఉంటే సిమెంటు సరిగ్గా గట్టిపడదు.

ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టుకని గుల్లలు కలిపి 150 ఎం.ఎం. దిమ్మలు పోసి, 28 రోజులకి నొక్కి చూసి, బ్రహ్మాండం అని రాసేస్తారు. ఆ దిమ్మలో ఊచ ఉండదు, ఉప్పుగాలి ఉండదు, నాలుగేళ్ళూ ఉండవు. అమెరికాలో జార్జియా తీరాన 18వ శతాబ్దంలో ఆల్చిప్పలతో పోసిన టాబీ గోడలు ఇంకా ఉన్నాయిగా అంటారు ఇంకొందరు. ఉన్నాయి. వాటిలోనూ ఊచల్లేవు! చిప్పలు కాల్చిన సున్నంతోనే ఆ చిప్పల్ని పట్టించారు. నన్నడిగితే గుల్ల పుట్టిందే సున్నం కోసం. మా చిన్నప్పుడు పండక్కి గోడలకి వేసిన గుల్లసున్నం తెలుపు ఇప్పుడు ఏ డబ్బా రంగుకీ రాదు.

నడవా, పాక నేల, చెట్టు చుట్టూ దిమ్మె, వీటికి సగం దాకా కలుపుకోండి. గేదెల్ని అమ్మేశాక పిన్ని మాగాయ ముక్కలు ఆ పాక నేల మీదే బరకం పరిచి ఆరబెడుతోంది.