అల్లుడూ, ఆ స్క్రీన్‌ను ఊరికే నమ్మొద్దు

ఒరే అల్లుడూ,

థర్డ్ ఆఫీసర్‌గా ఓడెక్కుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, సంతోషం. ప్రొద్దుటూరులో కూర్చున్న మామకు సముద్రం సంగతి ఏం తెలుసులే అనుకోకు, ముప్పై ఏళ్లు ఆ నీళ్ల మీదే తిరిగినోణ్ణి.

మా కాలంలో అన్నీ కాగితం చార్టులే. వారం వారం వచ్చే నోటీసులు చూసి ఊదారంగు ఇంకుతో ఒక్కో దీపం, ఒక్కో మునిగిన ఓడ గుర్తు చేత్తో దిద్దేవాళ్లం, నడుము పడిపోయేది. ఆ చాకిరీ పోయినందుకు నాకేం బాధ లేదు. 1995లో ఐఎంఓ, అదే ఓడల రూల్సు పెట్టే ఐక్యరాజ్యసమితి సంస్థ, ఎక్‌డిస్‌కు, అంటే చార్టును స్క్రీన్ మీద చూపించే కంప్యూటర్‌కు, ప్రమాణాలు పెట్టింది, 2012 నుంచి 2018 దాకా విడతలుగా దేశాలు తిరిగే పెద్ద ఓడలకు తప్పనిసరి చేసింది. స్క్రీన్ మీద చార్టులు రెండు రకాలు. రాస్టర్ చార్టు అంటే కాగితానికి తీసిన ఫోటో, అంతే, అందులో లోతెంతో కంప్యూటర్‌కు తెలీదు. వెక్టర్ చార్టులో ప్రతి లోతూ, నీళ్ల మీద తేలే ప్రతి బోయా గుర్తూ విడివిడిగా ఉంటాయి కాబట్టే అది ముందుగా అలారం కొట్టగలదు.

కొట్టేది మాత్రం నువ్వు పెట్టిన అంకెను బట్టే. 2013 సెప్టెంబరులో ఓవిట్ అనే ట్యాంకరు వంటనూనెతో ఇటలీకి పోతూ డోవర్ జలసంధిలో ఇసుకతిన్నె ఎక్కింది. రూటు గీసింది అనుభవం లేని కుర్ర ఆఫీసరు, సరిచూసినవాడు లేడు. సేఫ్టీ కాంటూర్, అంటే ఇంతకన్నా లోతు తక్కువైతే ప్రమాదమని చూపే గీత, యంత్రం తయారుచేసినవాళ్లు ముందే పెట్టిన 30 మీటర్ల దగ్గరే ఉంది, అలారానికి సౌండే లేదు. నేలకు తగులుకున్నామని డ్యూటీలో ఉన్నాయనకు తెలియడానికి 19 నిమిషాలు పట్టింది! 30 పెడితే ఆ జలసంధిలో చాలా భాగం లోతు లేనట్టే నీలంగా కనిపిస్తుంది, ఇంక అసలు ప్రమాదం ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది? నీ ఓడ ఎంత లోతు మునుగుతుందో లెక్కేసి నువ్వే పెట్టు. 12 పెట్టినా, చార్టులో 12 గీత లేకపోతే అంతకన్నా లోతైన తర్వాతి గీతను తీసుకుంటుందని గుర్తుంచుకో.

ఇంకోటి. మన పొలం గొడవ గుర్తుందా, ప్రింటు కొత్తదే గానీ కొలతలు బ్రిటిష్‌వాళ్ల గొలుసు నాటివి? చార్టూ అంతే. స్క్రీన్ ఎంత తళతళలాడినా, కొన్నిచోట్ల ఆ లోతులు ఎప్పుడో సీసం గుండు కట్టిన తాడు వేసి కొలిచినవే. ఎంత నమ్మొచ్చో చెప్పే లేయరు ఉంటుంది, అది ఆన్ చేసి చూడు. రూటు మొత్తం జూమ్ చేసి ఒకసారి నడిచిరా, దూరం నుంచి చూస్తే చిన్న దిబ్బలు కనపడకుండా పోతాయి. జీపీఎస్ చెప్పిందని ఊరుకోకుండా రాడార్‌తో పోల్చు, కిటికీలోంచి కూడా చూడరా నాయనా.

ఓడెక్కిన రోజే ఆ అలారం సౌండు వస్తోందో లేదో చూసి నాకు మెసేజ్ పెట్టు.

మీ మామ